ఇద్దరు పోయినంక మిగిలిన ఒక్కతి

జూన్ల చెప్పే మాటలు

బడి తెరిచిన వారంలనే "ఈసారి మా టీమ్ మస్తుంది, జిల్లా మాదే" అని చెప్పే పీఈటీని చూస్తే నాకు నవ్వొస్తది. ఒకప్పుడు ఏటేటా నేను గూడ అదే మాట చెప్పిన కాబట్టి నవ్వే హక్కు నాకుంది. స్టేషన్ ఘన్‌పూర్‌ల ఆడపిల్లల గురుకులంల ఇరవై ఆరేండ్లు బాస్కెట్‌బాల్ నేర్పిన. మోకాళ్లు పోయినయి, యాభై మూడేండ్లకే విరమణ తీసుకొని ఇంట్ల కూసున్న.

మొన్న కొత్తగ పోస్టింగ్ వచ్చిన ఒకామె ఫోన్ చేసింది. "మేడం, పోయినేడు ఆడిన పిల్లల్ల సగం మంది టెన్త్ అయిపోయి పోయిండ్రు. మొదటి మ్యాచ్‌లు ఎట్ల గట్టెక్కాలె?" అని అడిగింది. అది ఫోన్ల చెప్పే ముచ్చట కాదు. అందుకే రాస్తున్న. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, సర్వీసు రిజిస్టర్ల ఎవరేం రాసిండ్రు అనేటివి ఇందుల ఉండయి. వాటితోని ఒక్క బాల్ గూడ బుట్టల పడలే.

పెద్ద క్లబ్బుల టీమ్‌ల ఏడాదికి ఒకరో ఇద్దరో మారుతరు. బడి టీమ్ అట్ల కాదు. ప్రతి ఏప్రిల్ల సగం టీమ్ ట్రంకుపెట్టెలు ఎత్తుకొని గేటు దాటుతది. గేటు కాడ ఏడుస్తరు. "మల్లొస్తం మేడం" అంటరు. రారు. రావాలని రూలేం లేదు. ఆ తర్వాత రెండు నెలలు గ్రౌండ్ల నేనూ, రెండు పోల్సూ, ఎండకు పోల్ నీడల పండుకునే ఒక కుక్క. ఇంటికొచ్చినా మాట్లాడేటందుకు మనిషి లేదు, పెండ్లి చేసుకోలే. ఎందుకు చేసుకోలేదని అడిగెటోళ్లు ఇప్పటికీ ఉన్నరు, వాళ్లకు చెప్పే జవాబు ఇందుల రాస్తే అచ్చు వెయ్యరు.

జూన్ల మనం చేసే తప్పు ఒక్కటే. పోయినోళ్ల జాగల ఎవరిని పెట్టాలె అని చూస్తం. పోయినోళ్లు మిగిలినోళ్ల కాడ నుంచి ఏం తీసుకపోయిండ్రో చూడం. ఇది నాకు ఒక పిల్ల నేర్పింది. నేర్పినందుకు ఆ పిల్లకు దక్కింది ఏం లేదు.

ముగ్గురు

నెల్లికుదురు దిక్కు ఒక తండా నుంచి ముగ్గురు లంబాడి పిల్లలు మా బడిల చేరిండ్రు. సరోజ, బుజ్జి, కమల. సరోజ పొడుగు, బుట్ట కింద నిలబడితే చాలు. బుజ్జి ఉరుకుడుల ముందు. కమల పొట్టిది, బక్కది, కాని బాల్ ఎవరికి ఇయ్యాలె అనేది ఆ పిల్ల చేతులకు తెలుసు. వెనకకు తిరగకుండనే పాస్ ఇచ్చేది. ఆ పాస్ పోయి బుజ్జి చేతుల్ల పడేది. చూసెటోళ్లు "మేడం, ఏం ట్రెయినింగ్ ఇచ్చిండ్రు!" అనేది. నేను తల ఊపేదాన్ని. నేను ఇచ్చిన ట్రెయినింగ్ ఏం లేదు. వాళ్లు ముగ్గురూ కోర్టుల "బాయీ" అని పిలుచుకునేది. బాయి అంటే వాళ్ల ఇంటి మాటల అక్క, చెల్లె. పొట్టిగ అంటే నీ వెనక ఉన్న, ఇయ్యి అని. సాగదీసి అంటే నా మీద మనిషి పడ్డది, ఇయ్యకు అని. రెండుసార్లంటే నువ్వే వెయ్యి అని. ఇది నాకు మూడేండ్లు తెల్వదు. గ్రౌండ్ల నిలబడి, విజిల్ మెడల ఏసుకొని, నా సొంత కండ్ల ముందు జరిగేది నాకు తెల్వదు.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న ఏడు. సరోజ టెన్త్ అయిపోయి పోయింది. బుజ్జోళ్ల నాయిన ములుగు దిక్కు ఘనపూర్ కాడ పత్తికి భూమి కౌలు పట్టిండు, పిల్లను గూడ అక్కడి బడికే మార్పిచ్చుకున్నడు. ముగ్గురిల కమల ఒక్కతి మిగిలింది.

కమలది ఆ ఏడు టెన్త్. ఇంకో ఆట లేదు, ఇంకో ఏడు లేదు. జిల్లా టీమ్‌ల పేరొస్తే స్పోర్ట్స్ హాస్టల్ల ఇంటర్ సీటు దొరుకుతుండె. రాకుంటె ఏందో గూడ తెలుసు. వాళ్ల నాయిన బడికి వచ్చినప్పుడు నా ముందటనే అన్నడు, "సీటొస్తే సదువుకోనియ్యి మేడం, నేనొద్దన. రాకుంటె మాతోని పట్నం వస్తది, ఇండ్లు కట్టే కాడ మనుషులు తక్కువున్నరు." ఆయన మంచోడే. ఉన్నమాట అన్నడు.

జిల్లా సెలెక్షన్ సీజన్ మొదట్లనే, జనగామల జరిగే మొదటి మీట్‌ల. జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ అప్పుడు ఒక్కటే జిల్లా కింద ఉండె. అన్ని బడులూ ఒక్క జాగకే వస్తయి. సెలెక్టర్లు మొదటి రోజు చూసి, పేర్లు రాసుకొని పోతరు.

నేను పెట్టిన రూల్

మా ప్రిన్సిపాల్‌కు బాస్కెట్‌బాల్ అంటే ఎత్తు. ఆఫీసు రూమ్ తలుపు చౌకట్టుకు పిల్లల్ని నిలబెట్టి గీతలు గీసేది. తప్పు ఆమెదొక్కతిదే అంటే అబద్ధమైతది, నేను గూడ టేపు పట్టుకొని పక్కనే ఉన్న. రఘునాథపల్లి దిక్కు నుంచి కొత్తగ వచ్చిన మార్త సరోజ గీతను దాటింది. పాస్టరమ్మ బిడ్డ, మెత్తని పిల్ల. ఇద్దరం ఖుషీ అయినం. సరోజ జాగ నిండింది. బుజ్జి జాగల ఇంకో ఉరికే పిల్లను పెట్టిన. కాయితం మీద చూస్తే పాత టీమ్ కంటె కొత్తదే గట్టిది.

కోర్టుల కమల పాత అలవాటు కొద్ది కొత్తోళ్లను గూడ "బాయీ" అనే పిలిచింది. ఎవ్వరూ తిరగలే. రెండో రోజు నుంచి పిల్లలు నవ్వుడు షురూ చేసిండ్రు. అన్నం కాడ, నల్లా కాడ, "బాయీ, జర పప్పు ఎయ్యి బాయీ" అని ఎక్కిరించుడు.

నవ్వినోళ్లను నేను నాలుగు తిట్టాలె. తిట్టలే. "కోర్టుల ఎవరి ఇంటి మాటలు వాళ్లు మాట్లాడొద్దు. బాయి లేదు, గీయి లేదు. అందరూ బనీను మీది నంబర్‌తోనే పిలుచుకోవాలె. టీమ్ అంటె ఒక్క మాట" అని రూల్ పెట్టిన. చప్పట్లు గూడ కొట్టిచ్చుకున్న. కమల నంబర్ ఏడు.

ఇప్పుడు అసలు సంగతి చెప్త. రూల్ పెట్టిన కొద్దిరోజులకే తెలంగాణ కోసం సమ్మె షురువయింది. బడులు బంద్. పిల్లలు ఇండ్లకు పోయిండ్రు. నేను రోజూ స్టేషన్ రోడ్డు మీద టెంటుల కూసున్న. మైకు ఇస్తే వదిలేదాన్ని కాదు. "మనం నోరు తెరిస్తే నవ్విండ్రు. సినిమాల్ల మన మాట జోకర్లకు పెట్టిండ్రు, రౌడీలకు పెట్టిండ్రు. ఒకని ఇంటి మాటను చూసి నవ్వుడంటె వాని తల్లిని చూసి నవ్వినట్టే" అని గొంతు పోయేదాంక చెప్పిన. చెప్పిన దాంట్ల ఒక్క అక్షరం తప్పు లేదు. కాని పదిహేను రోజుల కింద నా గ్రౌండ్ల నేనేం చేసిన్నో నాకు యాదికే రాలే. ఒకే చీరల ఇద్దరు మనుషులు తిరుగుతున్నరు, ఒకామెకు ఇంకొకామె తెల్వదు అన్నట్టుండె నా సంగతి.

సమ్మె అయిపోయినంక మీట్‌కు పది రోజులు గూడ లేవు. ప్రాక్టీస్‌ల మార్త బాగనే ఆడింది. కమల నోరు తెరవకపోయేది. బాల్ వస్తే పట్టేది, ఒక క్షణం నిలబడేది, తర్వాత ఇచ్చేది. ఆ ఒక్క క్షణంల ఎదుటోళ్లు మీద పడేది. దోస్తులు పోయిండ్రని అలిగింది అనుకున్న. "ఏందే, మొకం గంటు పెట్టుకున్నవ్? సరోజ లేకుంటె ఆట రాదా నీకు?" అంటే "వస్తది మేడం" అన్నది. అంతే.

రెండు ఘన్‌పూర్లు

జనగామల మొదటి మ్యాచ్ మాకు ఎవరితోని పడ్డదంటె, ములుగు ఘనపూర్ బడితోని. అంటే బుజ్జితోని. మైకు పట్టుకున్నాయనకు దినమంత నవ్వులే. "ఘన్‌పూర్‌కు ఘన్‌పూర్‌కు పోటీ! ఎవలు గెలిచినా ఘన్‌పూరే!" జనం జై తెలంగాణ అంటున్నరు. ఎండ కొడుతున్నది. సెలెక్టర్ నీడకు కుర్చీ జరుపుకొని కూసున్నడు.

మొదటి క్వార్టర్ మేమే ముందున్నం. రెండో దాంట్ల కమల చేతికి బాల్ వచ్చింది. ఇద్దరు మీద పడ్డరు. మావోళ్లు దూరం దూరం నిలబడ్డరు, ఒక్కతి నోరు మెదపలే. అప్పుడు కమల వెనక నుంచి పొట్టిగ, గట్టిగ ఒక్క పిలుపు.

"బాయీ!"

కమల తిరిగి చూడలే. మూడేండ్లు ఎట్ల ఇచ్చిందో అట్లనే, వెనక్కి చెయ్యి తిప్పి ఇచ్చింది. మల్ల అంత అందమైన పాస్ నేను చూడలే. అది పోయి బుజ్జి చేతుల్ల పడ్డది. బుజ్జి అవతలి టీమ్.

బుజ్జి గూడ బాల్ పట్టుకొని అట్లనే నిలబడ్డది. తను పిలిచిందని తనకే తెల్వదు. కమల మీద మనుషులు పడంగనే నోట్లెకెళ్లి అదే వచ్చింది. వాళ్ల బెంచి నుంచి "ఉరుకవే!" అని లొల్లి చేస్తే అప్పుడు ఉరికి బుట్టల ఏసింది. గ్రౌండ్ అంత నవ్వు. మైకాయన, "ఘన్‌పూర్ పిల్ల ఘన్‌పూర్ పిల్లకే ఇచ్చింది, గిండ్ల తప్పేముంది!" అన్నడు.

నేను టైమవుట్ అడిగిన. కమల రెక్క పట్టి గుంజిన.

"నువ్వెటు పక్కనే? వాళ్ల పక్కనా, మన పక్కనా?"

"బుజ్జి పిలిచింది మేడం."

"పిలిస్తే ఇస్తవా?"

కమల నా మొకం చూసింది. ఎదురు జవాబు కాదు, నిజంగనే తెల్వక అడిగినట్టు అన్నది. "పిలిస్తే ఇచ్చుడే కద మేడం?"

నాకు మండింది. "కూసో పో" అన్న. బెంచి మీద కూసుండబెట్టిన. అటెన్క ఆ పిల్లను దింపలే. ఆ రోజులల్ల ఎవరైనా ఎవరినైనా అడిగేది అదొక్కటే, నువ్వెటు పక్క అని. నా నోటికి అదే దొరికింది. మ్యాచ్ ఓడిపోయినం. మార్తకు బాల్ ఇచ్చెటోళ్లు లేక బుట్ట కింద చేతులు పైకెత్తి నిలబడుడే అయింది ఆ పిల్లకు.

స్కోరు రాసిన సార్

మా బడిల లెక్కల సార్ గుంటూరు దిక్కాయన. సమ్మె అయిన కాడికెళ్లి స్టాఫ్ రూమ్‌ల ఆయనతోని ఎవరూ మాట్లాడకపోయేది. ఆయన వస్తే కుర్చీలు అటు తిరిగేవి. నేనొక్కదాన్నే మాట్లాడేదాన్ని, అదీ కొట్లాడేటందుకే. స్కోరు రాసేటందుకు ఆదివారం ఇంకెవరూ రాకపోతే ఆయన్నే తోలుకపోయిన. మ్యాచ్ అయినంక పుస్తకం మూసి, కండ్లద్దాలు తుడుచుకుంటూ అన్నడు:

"మేడమ్ గారూ, ఒకటి చెబితే తిట్టరు కదా?"

"తిట్టే మాటయితే తిడ్త. చెప్పుండ్రి."

"మీరు నంబర్లతో పిలవమన్నారు కదండీ. నేను బల్ల దగ్గర కూర్చుని వింటూనే ఉన్నాను. నాలుగు వినపడింది, పది వినపడింది, పదమూడు చాలాసార్లు వినపడింది. ఏడు అన్న మాట ఒక్కసారి కూడా వినపడలేదండీ. మీరు బెంచీ మీద కూర్చోబెట్టకముందు కూడా."

నేను పిల్లల బనీన్లు లెక్కపెట్టుడు షురూ చేసిన.

"స్టాఫ్ రూమ్‌లో నా పేరు వినపడి కూడా చాలా రోజులైంది లెండి" అన్నడు. "అందుకే పట్టుకోగలిగాను."

"అది వేరే సంగతి సార్."

"వేరేనే అండీ" అని పుస్తకం సంచిల పెట్టుకున్నడు.

వేరేనే. ఇప్పటికీ వేరే అనే అంట. రాష్ట్రం కావాలన్న, వచ్చింది, సంబురపడ్డ, ఆ సంబురం ఎవరడిగినా వాపస్ ఇయ్య. కాని ఆ టీమ్‌ల ఏం పోయిందో బడి మొత్తంల కనిపెట్టింది ఆయనొక్కడే. ఇది గూడ రాయకుంటె నేను రాసేది ఉత్తదే.

జవాబు లేని మాట

తెల్లారి సెలెక్టర్ పోతుంటె బస్టాండ్ల పట్టుకున్న. వాదించుడు నాకు కొత్త కాదు. ఆ పిల్ల చేతులు చూడుండ్రి, పోయినేడు ఆట అడుగుండ్రి, ఇయ్యాల్టి మ్యాచ్ ఒక్కటి చూసి పోండ్రి అన్న. బస్సు ఎక్కనియ్యలే.

ఆయన ఓపికగనే విన్నడు. "మేడం, ఆడిన పిల్లల్ని చూసి రాసిన. బెంచి మీద కూసున్న పిల్లను ఏం చూసి రాయాలె? మీరే ఒద్దన్నరు కద?"

బస్సు తలుపుకు అడ్డం పెట్టిన చెయ్యి తీసిన.

మీట్ అయిపోయినంక రైల్ల ఘన్‌పూర్ పోతున్నం. పిల్లలు పాటలు పాడుతున్నరు. కమల కిటికీ కాడ కూసున్నది. పక్కకు పోయి కూసున్న.

"సీటు రాదా మేడం?"

"రాదు."

తల ఊపింది. "పరీక్షలు రాసినంకనే పోదమని మా బాపుకు చెప్త" అన్నది. తర్వాత ఎవరో తెల్వని మనిషిని అడిగినట్టు మెల్లగ అడిగింది. "బుజ్జి నిన్న మస్తు ఆడింది కద మేడం?"

"ఆడింది" అన్న. తప్పు నాదే అనే మాట నోటిదాంక వచ్చింది, అనలే. పిల్లల ముందట తప్పు ఒప్పుకునే మేడంలను నేను గూడ ఎన్నడూ చూడలే. మీరు పీఈటీ అయితే ఒప్పుకోండ్రి. విజిల్ ఊడి కింద పడదు.

ఎండకాలం తండాకు పోయిన. కమలోళ్ల ఇంటికి తాళం. సరోజోళ్ల అవ్వ నీళ్లిచ్చి, "పట్నం పోయిండ్రమ్మా" అన్నది. "పాసయింది, సీటొచ్చి ఉంటె ఆగుతుండె" అని నామీదికి కోపం లేకుండనే అన్నది. కోపం చేసినా బాగుండు.

కండ్లు మూసుకునుడు

ఆ తర్వాతి ఏడు నుంచి నా జూన్ వేరయింది. టేపు పక్కకు పడేసిన. కొత్త టీమ్ కలిసిన మొదటి వారం బాల్ కంటె ముందు ఒక పని చేపిచ్చేదాన్ని. ఒక పిల్లను నడుమ నిలబెట్టి కండ్లు మూపిస్త. మిగిలినోళ్లు నలుగురు నాలుగు మూలల నుంచి పిలవాలె. ఏ మాటతోనన్న పిలువు, నీ ఇంట్ల ఎట్ల పిలుస్తరో అట్ల పిలువు. అక్క అను, పిల్లా అను, బాయి అను, పెట్టిన పేరుతోని పిలువు. కండ్లు మూసుకున్నామె అది ఎవరో చెప్పి, ఆ దిక్కే పాస్ ఇయ్యాలె. పాతోళ్లు ఒక్కరే మిగిలినా, ఇద్దరు మిగిలినా, వాళ్లనే ముందు నడుమ నిలబెడ్త. కొత్తోళ్లు వాళ్ల పిలుపులు నేర్చుకోవాలె. అందరికీ అందరి గొంతు తెలిసేదాంక గెలుపు మాట ఎత్తకపోయేదాన్ని. మొదటి మ్యాచ్‌లు ఓడిపోతే ఓడిపోయినం, ప్రిన్సిపాల్ మొకం మాడ్చుకుంటె మాడ్చుకున్నది. సీజన్ మొదట్ల టీమ్ బలం ఎంతని నన్నడిగితే నేను చూసేది అది. పాతోళ్లల్ల మిగిలిన పిల్లను పేరు పెట్టి పిలిచేటోళ్లు ఎందరయిండ్రు?

నా ఆఖరి ఏడు పిల్లలు ఒకటే జిద్దు. "మీరు గూడ మేడం, మీరు గూడ." కట్టె పట్టుకొని నడుమ నిలబడ్డ. కండ్లు మూసిన. నాలుగు దిక్కుల నుంచి నాలుగు గొంతులు.

"మేడం." "మేడం." "మేడం." "మేడం."

ఒక్కటి గూడ పోల్చుకోలేకపోయిన. పిల్లలు నవ్విండ్రు, నేను గూడ నవ్విన. ఆ పిల్లల తప్పు ఏం లేదు. ఇంకో పిలుపు నేను వాళ్లకు ఎన్నడు ఇచ్చిన?

మానుకోట స్టేషన్ల

పోయినేడు మోకాళ్ల దవాఖానకు పోయి వస్తూ మానుకోట స్టేషన్ల బండి కోసం చూస్తున్న. నాకు పది గజాల దూరంల ఒక ఆడమనిషి, చంకల పిల్ల, కాళ్ల కాడ సిమెంటు సంచిల సదిరిన బట్టలు. అటు మల్లి ఉన్నది. వీపు చూసి పోల్చుకున్న. ఏండ్లకేండ్లు బెంచి మీద కూసుండి చూసేది వీపులే కద.

కమలా అని పిలవొచ్చు. పేరు నోటికి వచ్చింది. దాని వెనకనే "నువ్వెటు పక్కనే" అన్న నా గొంతు గూడ నాకే ఇనవడ్డది. ఆ గొంతుతోని ఆ పేరు పిలవబుద్ధి కాలే.

"బాయీ" అన్న. పొట్టిగ. నీ వెనక ఉన్న అన్నట్టు.

గిర్రున తిరిగింది. చంకల పిల్ల ఉన్నా, ఖాళీగున్న చెయ్యి లేచి గాలిల ఆగింది. మొకం నిండ వెలుగు. ఎవరో తన మనిషి ఉన్నదని కండ్లు దేవులాడినయి. నల్లా కాడ కూసున్న తండా ఆడోళ్లను ఒక్కొక్కరినే చూసింది. మెట్ల కాడ చూసింది. నన్ను గూడ చూసింది. తల నెరిసిన ముసలామె, చేతుల కట్టె. ఆ పిలుపుకు ఈ మొకం కలవలే. కండ్లు నా మీదికెళ్లి ముందుకు పోయినయి.

రెండోసారి పిలవాలె. బండి వచ్చింది. జనం నడుమకొచ్చిండ్రు. నేను ఒద్దన్న మాట అది. అడగకుండ తెచ్చుకొని వాడిన. ఇంకోసారి నోరు రాలే.

ఆమె సంచి నెత్తిన పెట్టుకొని, వెనకకు చూసుకుంటనే బండెక్కింది.